మట్టిలో మాణిక్యాలను గుర్తించేదెలా?

ఐదో తరగతిలో ఒక్కసారే నవోదయ అవకాశం
ఎనిమిదిలో ఉపకార వేతనం.. పదిలో ట్రిపుల్ ఐటీ
సమాచార లోపంతో నష్టపోతున్న గ్రామీణ విద్యార్థులు

చోడవరం: చెరకు తోటలు, బెల్లం గానుగల నడుమ ఉన్న చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం, మాడుగుల మండలాల పల్లెల్లో ప్రతి ఏటా ఎందరో చిన్నారులు ఐదో తరగతి పూర్తి చేసుకుంటున్నారు. వీరిలో ఒక లెక్కను వినీ వినకముందే జవాబు చెప్పేవారున్నారు. ఒకసారి విన్న పాఠాన్ని పొల్లుపోకుండా అప్పగించేవారున్నారు. పాడైన టార్చిలైటును విప్పి మళ్లీ వెలిగించేవారూ ఉన్నారు. అటువంటి వారిని గుర్తించి, ఉచితంగా మెరుగైన విద్యను అందించేందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కొన్ని ఏర్పాట్లు చేశాయి. అయితే ఆ ఏర్పాట్లు ఏమిటో, ఏ వయసులో ఏ పరీక్ష రాయాలో, ఎంపిక ఎలా జరుగుతుందో తెలియక అర్హులైన పిల్లలు దూరమవుతున్నారు. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా విభజన జరిగి చోడవరం అనకాపల్లి జిల్లాలో చేరినప్పటికీ, ఈ ప్రాంత విద్యార్థులు ఆశించే సంస్థలు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విస్తరించి ఉన్నాయి. ఈ నేపథ్యంలో ప్రతిభావంతులను పాఠశాలలు, ప్రభుత్వాలు ఎలా గుర్తిస్తున్నాయి, ఆ విధానంలో ఎవరు నిలుస్తున్నారు, ఎవరు జారిపోతున్నారు అనే అంశాలపై పరిశీలన ఇది.

పరీక్ష పుట్టింది వెనుకబడినవారి కోసం

పిల్లల తెలివితేటలను కొలిచే పరీక్షలు తొలుత ప్రతిభావంతుల కోసం పుట్టలేదు. ఫ్రాన్స్‌లో నిర్బంధ విద్య అమలులోకి వచ్చిన తర్వాత తరగతిలో వెనుకబడుతున్న పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేక బోధన అందించవలసిన అవసరం ఏర్పడింది. ఇందుకోసం ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ అనే శాస్త్రజ్ఞులు 1905లో పారిస్‌లో ఒక పరీక్షను రూపొందించారు. దీనిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ టెర్మన్ 1916లో సవరించి, మేధావులైన పిల్లలను ఏరేందుకు వినియోగించారు. నాటి నుంచి ‘ఐక్యూ’ అనే మాట ప్రపంచమంతటా వ్యాపించింది. ఈ కొలతలో సగటు 100. 130, ఆపైన వచ్చేవారు నూటికి ఇద్దరు మాత్రమే ఉంటారు. పలు దేశాల్లో ప్రతిభావంతుల తరగతులకు ఈ 130నే గీటురాయిగా పెట్టుకున్నారు.

మన దేశంలో పాఠశాలలన్నింటా ఐక్యూ పరీక్ష నిర్వహించే పద్ధతి లేదు. ఇక్కడ ప్రతిభను గుర్తించే పని ప్రధానంగా ప్రవేశ పరీక్షలపై ఆధారపడి ఉంది. అంటే ముందుగా బిడ్డను పరిశీలించి, ఆపై తగిన బడికి పంపడం కాకుండా, దరఖాస్తు చేసుకున్నవారిలో నుంచి కొందరిని ఎంపిక చేస్తున్నారు. దరఖాస్తు చేయని బిడ్డ ఎంతటి ప్రతిభావంతుడైనా ఈ విధానానికి కనిపించడు. గ్రామీణ విద్యార్థులకు జరుగుతున్న నష్టానికి మూలం ఇక్కడే ఉంది.

గురుకులాలతో శ్రీకారం

పేద గ్రామీణ విద్యార్థుల్లో ప్రతిభావంతులను ఏరి, ఒకచోట ఉంచి చదివించాలనే ఆలోచనకు తెలుగునాట 1971లోనే రూపం వచ్చింది. పి.వి.నరసింహారావు ఏలుబడిలో నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల ప్రారంభమైంది. అనంతరం గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోనూ గురుకులాలు ఏర్పాటయ్యాయి. ఇక్కడ చదివినవారు పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రస్థాయి ర్యాంకులు సాధించడంతో ఈ పాఠశాలల పేరు మారుమోగింది.

పీవీ కేంద్ర విద్యాశాఖను చూస్తున్న కాలంలోనే, 1986 జాతీయ విద్యావిధానంలో భాగంగా, ఇదే తరహా పాఠశాలలు దేశవ్యాప్తమయ్యాయి. 1985-86 విద్యా సంవత్సరంలో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలో ప్రయోగాత్మకంగా రెండు నవోదయ విద్యాలయాలను ప్రారంభించారు. జిల్లాకొకటి చొప్పున నేడు దేశంలో 650కి పైగా నవోదయ విద్యాలయాలు ఉన్నాయి. తమిళనాడులో మాత్రం ఒక్కటీ లేకపోవడం గమనార్హం. ఉమ్మడి విశాఖ జిల్లా విద్యార్థుల కోసం కొమ్మాదిలో నవోదయ విద్యాలయం ఏర్పాటైంది.

నవోదయ ఎంపిక ఇలా..

ఐదో తరగతి చదువుతున్నవారు ఆరో తరగతి ప్రవేశానికి నవోదయ పరీక్ష రాస్తారు. సాధారణంగా వేసవి సెలవుల తర్వాత దరఖాస్తులు స్వీకరించి, శీతాకాలంలో పరీక్ష నిర్వహిస్తారు. దరఖాస్తుకు రుసుము లేదు. రెండు గంటల వ్యవధిలో 80 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. మొత్తం మార్కులు 100. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు.

ప్రశ్నల్లో సగం, అంటే 40 ప్రశ్నలు మానసిక సామర్థ్యానికి సంబంధించినవి. వీటికి 50 మార్కులు. ఇందులో అక్షరాలు ఉండవు. బొమ్మలే ఉంటాయి. నాలుగు బొమ్మల్లో భిన్నమైనది ఏది, సగం గీసిన ఆకృతిని పూర్తి చేసేది ఏది, అద్దంలో చూస్తే ఎలా కనిపిస్తుంది, మడిచిన కాగితాన్ని కత్తిరించి విప్పితే ఏ రూపం వస్తుంది వంటి పది రకాల ప్రశ్నలు నాలుగేసి చొప్పున ఇస్తారు. పుస్తకాలు, ట్యూషన్లు అందుబాటులో లేని బిడ్డకు సైతం అవకాశం ఉండాలనే ఉద్దేశంతో ఈ భాగానికి పెద్దపీట వేశారు. మిగిలిన ప్రశ్నల్లో 20 గణితం నుంచి, 20 భాష నుంచి వస్తాయి. వీటికి చెరి 25 మార్కులు. భాషా పరీక్షలో నాలుగు గద్యభాగాలు ఇచ్చి, ఒక్కోదానిపై ఐదేసి ప్రశ్నలు అడుగుతారు. పరీక్షను తెలుగులోనే రాయవచ్చు.

ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 మందిని తీసుకుంటారు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల వారివి. మూడో వంతు సీట్లు బాలికలకు కేటాయిస్తారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ విద్యార్థులకు నిబంధనల మేరకు రిజర్వేషన్లు ఉన్నాయి. ఎంపికైనవారికి వసతి, భోజనం, దుస్తులు, పుస్తకాలు ఉచితం.

ఇక్కడ తల్లిదండ్రులు తప్పనిసరిగా తెలుసుకోవలసిన నిబంధనలు రెండు ఉన్నాయి. మొదటిది, ఆరో తరగతి ప్రవేశ పరీక్షను జీవితంలో ఒక్కసారి మాత్రమే రాయాలి. ఆ ఏడాది తప్పితే ఐదో తరగతి మళ్లీ చదివి రాసేందుకు వీల్లేదు. రెండోది గ్రామీణ కోటాకు సంబంధించినది. 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంత పాఠశాలల్లో చదివినవారినే గ్రామీణ అభ్యర్థులుగా పరిగణిస్తారు. ఈ మూడేళ్లలో ఒక్కరోజైనా పట్టణ ప్రాంత పాఠశాలలో చదివితే పట్టణ అభ్యర్థి కిందకే వస్తారు. మెరుగైన చదువు కోసమని మూడో తరగతిలోనే పిల్లలను నగరానికి పంపిన కుటుంబాలు, తమకు తెలియకుండానే ఈ అవకాశాన్ని వదులుకుంటున్నాయి.

కోరుకొండ పిలుస్తోంది

విజయనగరం జిల్లా కోరుకొండలోని సైనిక పాఠశాల 1962లో ప్రారంభమైంది. ఇందులో ఆరు, తొమ్మిది తరగతుల ప్రవేశాలకు అఖిల భారత స్థాయిలో పరీక్ష నిర్వహిస్తారు. ఆరో తరగతి పరీక్షకు మొత్తం 300 మార్కులు. వీటిలో సగం, అంటే 150 మార్కులు గణితానికే కేటాయించారు. భాష, సామాన్య విజ్ఞానం, మేధాశక్తి అంశాలకు 50 చొప్పున మార్కులు ఉంటాయి. రాత పరీక్షలో నెగ్గినవారు వైద్య పరీక్షలోనూ అర్హత పొందాలి. గతంలో బాలురకే పరిమితమైన సైనిక పాఠశాలల్లో 2021-22 నుంచి బాలికలకూ ప్రవేశం కల్పిస్తున్నారు. అయితే నవోదయ మాదిరిగా ఇక్కడ చదువు ఉచితం కాదు. రుసుములు, ఉపకార వేతనాల వివరాలను ముందుగానే తెలుసుకోవడం మంచిది.

రెండు పరీక్షలను పోల్చి చూస్తే ప్రతిభకు నిర్వచనం సంస్థను బట్టి మారుతున్న వైనం తేటతెల్లమవుతుంది. నవోదయ బొమ్మల తర్కానికి సగం మార్కులు ఇస్తే, సైనిక పాఠశాల గణితానికి సగం మార్కులు ఇస్తోంది. ఒక పరీక్షలో వెనుకబడిన విద్యార్థి మరో పరీక్షలో ముందుండవచ్చు. ఒకచోట సీటు రానంత మాత్రాన బిడ్డకు తెలివి లేదనుకోవడం పొరపాటు.

ఎనిమిదో తరగతిలో రూ.48 వేలు

వసతి గృహానికి పంపడం ఇష్టం లేని కుటుంబాలకు, సొంత ఊరి బడిలోనే చదువుకునే పేద విద్యార్థులకు జాతీయ ఉపకార వేతన పథకం (ఎన్‌ఎంఎంఎస్) వరప్రసాదం వంటిది. ఎనిమిదో తరగతి తర్వాత పేద పిల్లలు బడి మానకుండా చూసేందుకు కేంద్ర ప్రభుత్వం 2008లో దీనిని ప్రవేశపెట్టింది. దేశవ్యాప్తంగా ఏటా లక్ష మందిని కొత్తగా ఎంపిక చేస్తారు. ఒక్కొక్కరికి ఏడాదికి రూ.12,000 చొప్పున తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ పూర్తయ్యేవరకు నాలుగేళ్లలో రూ.48,000 నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది.

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నవారు ఈ పరీక్షకు అర్హులు. కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలకు మించరాదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఐదు శాతం సడలింపు ఉంది. ఇప్పటికే ప్రభుత్వ ఖర్చుతో వసతి పొందుతున్న నవోదయ, గురుకుల విద్యార్థులకు ఇది వర్తించదు. పరీక్షలో రెండు భాగాలు ఉంటాయి. తర్కశక్తిని పరిశీలించే మానసిక సామర్థ్య పరీక్షలో 90 ప్రశ్నలు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠ్యాంశాలపై 90 ప్రశ్నలు ఇస్తారు. ఎంపికైన తర్వాత కూడా చదువులో నిలకడ చూపాలి. పదో తరగతిలో 60 శాతం మార్కులు రాకపోతే ఉపకార వేతనం ఆగిపోతుంది.

ఈ పథకంలో పరీక్ష నెగ్గడం ఒక ఎత్తయితే, కాగితాలు సరిచూసుకోవడం మరో ఎత్తు. పాఠశాల రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే సొమ్ము జమ కావడంలో చిక్కులు ఏర్పడతాయి. ఇంటిపేరు ముందు రాయడం, చివర రాయడం వంటి చిన్న తేడాలు సైతం ఇబ్బంది పెడతాయి. ఎనిమిదో తరగతి ఆరంభంలోనే వీటిని సరిచేయించుకోవడం శ్రేయస్కరం.

గతంలో పదో తరగతి విద్యార్థులకు జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష (ఎన్‌టీఎస్‌ఈ) ఉండేది. 1963లో ఢిల్లీలో విజ్ఞాన శాస్త్రానికి పరిమితమై మొదలైన ఈ పరీక్ష, 1976 తర్వాత సామాజిక శాస్త్రాలకూ విస్తరించి ఎందరికో ఉన్నత విద్యాపథం చూపింది. 2021 మార్చి 31తో ముగిసిన ఈ పథకాన్ని కేంద్రం పొడిగించలేదు. దీని పేరిట ఎవరైనా శిక్షణ ఇస్తామంటే తల్లిదండ్రులు నిజానిజాలు విచారించుకోవాలి.

పల్లె బడికి అదనపు మార్కులు

పరీక్ష అందరికీ ఒకటే అయినా పిల్లల పరిస్థితులు ఒకటి కావు. ఈ వాస్తవాన్ని గుర్తించి రూపొందించిన ఎంపిక విధానం రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో కనిపిస్తుంది. ట్రిపుల్ ఐటీగా ప్రజలకు పరిచయమైన ఈ సంస్థ 2008లో ఏర్పాటైంది. ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ప్రాంగణాలున్నాయి. పదో తరగతి ఫలితాల ఆధారంగానే ఆరేళ్ల సమీకృత ఇంజినీరింగ్ కోర్సులో ప్రవేశం కల్పిస్తారు.

ఇందులో విశేషమేమిటంటే, వసతి సౌకర్యం లేని జిల్లా పరిషత్, మునిసిపల్, ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వెనుకబాటు స్కోరు పేరిట కొంత కలుపుతారు. గ్రేడ్ల కాలంలో జీపీఏకు 0.4 కలిపేవారు. మార్కుల విధానం వచ్చాక 4 శాతం కలుపుతున్నారు. పగలు బడికి వెళ్లి, సాయంత్రం పొలం పనుల్లో సాయపడి, రాత్రి చదువుకుని తెచ్చుకున్న మార్కులను, వసతి గృహంలో ఉదయం నుంచి రాత్రి వరకు చదివించిన మార్కులతో సమానంగా తూచరాదన్నది దీని వెనుక ఉన్న న్యాయం.

జల్లెడలో జారిపోయేవారు

ఎంత జాగ్రత్తగా రూపొందించినా ఏ పరీక్షా పరిపూర్ణం కాదని చరిత్ర చెబుతోంది. ఐక్యూ పరీక్షలకు ప్రాచుర్యం కల్పించిన టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో దాదాపు 1,500 మంది మేధావులైన పిల్లలను ఎంపిక చేసి, వారి జీవితాలను దశాబ్దాల తరబడి పరిశీలించారు. ఆ ఎంపికలో పరీక్ష రాసి, చాలినంత స్కోరు రాక తిరస్కరణకు గురైనవారిలో విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్ ఉన్నారు. ఆ ఇద్దరూ పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో ఈ గౌరవం దక్కింది. టెర్మన్ ఏరిన పిల్లల్లో మాత్రం నోబెల్ గ్రహీత ఒక్కరూ లేరు.

మన దేశంలో శ్రీనివాస రామానుజన్ ఉదంతం విదితమే. 1904లో ఉపకార వేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరిన ఆయన, గణితంలోనే మునిగిపోయి మిగిలిన సబ్జెక్టుల్లో తప్పడంతో ఆ వేతనాన్ని పోగొట్టుకున్నారు. ఆ అవమానంతో 1905లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి విశాఖపట్నం వైపు వచ్చేశారు. తర్వాత మద్రాసులో చేరినా ఎఫ్‌ఏ పరీక్ష గట్టెక్కలేదు. ఆయన నోటుపుస్తకాలను చూసి ప్రతిభను పసిగట్టింది పరీక్షాధికారులు కారు. గణితాభిమాని అయిన డిప్యూటీ కలెక్టర్ వి.రామస్వామి అయ్యర్, నెల్లూరు కలెక్టర్‌గా పనిచేసిన ఆర్.రామచంద్రరావు వంటి వారు ఆయనకు బాసటగా నిలిచారు. 1913లో కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి రాసిన లేఖతో రామానుజన్ పేరు లోకానికి తెలిసింది. అన్ని సబ్జెక్టుల మొత్తం మార్కులనే చూసే విధానం, ఒకే రంగంలో అసాధారణులైన వారిని ఎలా వదిలేస్తుందో చెప్పేందుకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

అందరికీ పరీక్ష పెడితే..

దరఖాస్తు చేసుకున్నవారినే పరీక్షించడంలో ఉన్న లోపాన్ని అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఒక అనుభవం బయటపెట్టింది. బ్రోవార్డ్ కౌంటీలో ప్రతిభావంతుల తరగతులకు మొదట ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు సూచించిన పిల్లలనే పరీక్షించేవారు. దీంతో చదువుకున్న, కలిగిన కుటుంబాల పిల్లలే ఎక్కువగా ఎంపికయ్యేవారు. 2005లో పద్ధతి మార్చి, రెండో తరగతి పిల్లలందరికీ బొమ్మలతో కూడిన ప్రాథమిక పరీక్ష పెట్టారు. అందులో మెరిసినవారికి పూర్తిస్థాయి ఐక్యూ పరీక్ష నిర్వహించారు. అప్పటివరకు ఎవరి దృష్టికీ రాని పేద, నల్లజాతి, స్పానిష్ మూలాల పిల్లలు పెద్దసంఖ్యలో వెలుగులోకి వచ్చారు. అర్హత గీతను తగ్గించకుండానే ఈ ఫలితం రావడం విశేషం. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో ఈ అనుభవాన్ని అధ్యయనం చేసి 2016లో ప్రచురించారు. నిధుల కొరతతో ఆ ఏర్పాటు సన్నగిల్లగానే మళ్లీ పాత పరిస్థితే వచ్చిందని కూడా వారి అధ్యయనంలో తేలింది.

ఈ అనుభవంలో చోడవరం పరిసర గ్రామాలకూ పాఠం ఉంది. ఐదో తరగతిలో ఉన్న ప్రతి విద్యార్థి చేతా పాత నవోదయ ప్రశ్నపత్రాన్ని ఒకసారి రాయిస్తే, ఇంతవరకు వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్నవారిలో ఎవరు బొమ్మల తర్కంలో ముందున్నారో ఉపాధ్యాయునికి తెలిసిపోతుంది. దీనికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు. ఆ తర్వాత అర్హులందరి చేతా దరఖాస్తు చేయించడం పాఠశాల బాధ్యతగా భావిస్తే, తల్లిదండ్రుల చదువు, ఆర్థిక స్థితి అవరోధం కాబోవు.

ఇంటి భాష వేరైతే..

మాడుగుల దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే పిల్లల ఇంటి భాష మారుతుంది. కువి, ఆదివాసీ ఒరియా వంటి భాషలు మాట్లాడే కుటుంబాల పిల్లలకు తెలుగు రెండో భాష. గద్యభాగాన్ని చదివి అర్థం చేసుకోవడంలో వారు వెనుకబడితే అది తెలివి లోపం కాదు, భాషా దూరం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ప్రారంభించింది ఈ కారణంగానే. బొమ్మల పరీక్షకు ప్రాధాన్యమివ్వడం ఇటువంటి పిల్లలకు కొంత మేలు చేస్తుంది. అయితే జవాబు పత్రంలో వృత్తాలు నింపడం, సమయాన్ని పంచుకోవడం వంటివి ముందుగా అభ్యాసం లేని బిడ్డకు బొమ్మలు సైతం కష్టమే. తొలిసారిగా అలాంటి పత్రాన్ని పరీక్ష గదిలోనే చూసే పరిస్థితి రాకుండా చూడాలి.

గురువు కన్నే తొలి పరీక్ష

2020 జాతీయ విద్యావిధానం ప్రత్యేక ప్రతిభ గల విద్యార్థులకు తోడ్పాటు అనే అంశాన్ని ప్రస్తావించింది. వారిని గుర్తించి ప్రోత్సహించవలసింది ఉపాధ్యాయులేనని పేర్కొంది. ఇందుకు మార్గదర్శకాలు రూపొందించాలని, బీఎడ్‌లో దీనిని ప్రత్యేక అంశంగా బోధించవచ్చని సూచించింది. పాఠశాలల్లో గణితం, విజ్ఞానశాస్త్రం, సాహిత్యం, క్రీడలు వంటి రంగాలవారీ బృందాలు ఏర్పాటు చేయాలని కూడా పేర్కొంది.

ప్రతిభను మార్కుల్లో కాకుండా ఆలోచనా విధానంలో చూడాలనేందుకు చిన్న ఉదాహరణ. పెరట్లో కోళ్లు, మేకలు కలిపి 10 తలలు, 28 కాళ్లు ఉన్నాయి. కోళ్లెన్ని, మేకలెన్ని? బీజగణితం నేర్చిన విద్యార్థి సమీకరణం రాసి జవాబు చెబుతాడు. నాలుగో తరగతి బిడ్డకు సమీకరణం తెలియదు. అయినా ‘అన్నీ కోళ్లే అనుకుంటే 20 కాళ్లు. ఇంకా 8 కాళ్లు మిగిలాయి. ఒక్కో మేకకు రెండేసి అదనం కనుక మేకలు నాలుగు, కోళ్లు ఆరు’ అని ఎవరూ చెప్పకుండానే తేల్చితే ఆ బిడ్డపై ప్రత్యేక దృష్టి పెట్టవలసిందే. ఆ విద్యార్థి చేతిరాత బాగుండకపోవచ్చు. ఎక్కాలు అప్పగించడంలో తడబడవచ్చు. అయినప్పటికీ ఆ ఆలోచన అరుదైనది.

చెప్పింది త్వరగా గ్రహించి మిగిలిన సమయంలో అల్లరి చేసేవారు, పాఠానికి సంబంధం లేనట్లు కనిపించే ప్రశ్నలు వేసేవారు, ఒక్క విషయంపైనే గంటల తరబడి ధ్యాస నిలిపేవారు తరగతిలో తరచూ మందలింపులకు గురవుతుంటారు. అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉండి, తర్కంలో మాత్రం ముందుండే పిల్లలూ ఉంటారు. వీరి లోపం ప్రతిభను, ప్రతిభ లోపాన్ని కప్పివేయడంతో రెండింటికీ తగిన సాయం అందదు. ఇక ఇంటి పనులు, తమ్ముళ్ల ఆలనాపాలనా చూసే బాలికల ప్రతిభ బయటపడే అవకాశాలు మరీ తక్కువ.

పరీక్షలకు అతీతంగా ఆలోచనను గుర్తించే ‘ఇన్‌స్పైర్-మనక్’ వంటి పథకాన్నీ పాఠశాలలు వినియోగించుకోవాలి. ఆరో తరగతి మొదలు విద్యార్థులు తమ కొత్త ఆలోచనలను పాఠశాల ద్వారా పంపితే, ఎంపికైన వాటికి నమూనా తయారీ కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ రూ.10,000 అందజేస్తుంది. టార్చిలైటు విప్పి బిగించే బిడ్డకు తగిన వేదిక ఇదే.

తల్లిదండ్రులు గమనించవలసినవి

* పిల్లలు నాలుగో తరగతిలో ఉండగానే గురుకులాల ఐదో తరగతి ప్రవేశ ప్రకటనల గురించి బడిలో విచారించాలి.

* ఐదో తరగతిలో నవోదయ, సైనిక పాఠశాల పరీక్షలు వస్తాయి. వయోపరిమితి, జిల్లా పరిధి వివరాలను ఆ ఏడాది ప్రకటనలోనే సరిచూసుకోవాలి.

* నవోదయలో ఆరో తరగతి అవకాశం తప్పినవారు ఎనిమిదో తరగతిలో ఉండగా, తొమ్మిదో తరగతిలో మిగిలిన సీట్ల కోసం జరిగే పరీక్ష రాయవచ్చు. ఎన్‌ఎంఎంఎస్ కూడా అదే ఏడాది వస్తుంది.

* పదో తరగతి ఫలితాలు వెలువడిన వెంటనే ట్రిపుల్ ఐటీ ప్రకటన కోసం చూడాలి.

* పుట్టిన తేదీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌లో పేర్లు ఒకేలా ఉండేలా ముందుగానే సరిచేయించుకోవాలి.

* సీటు ఖాయం చేస్తామని సొమ్ము అడిగేవారిని నమ్మరాదు. ఎంపిక పరీక్ష ప్రతిభ, రిజర్వేషన్ నిబంధనల మేరకే జరుగుతుంది.

సీటు రాని బిడ్డ మాటేమిటి?

ఎన్ని పరీక్షలున్నా నవోదయలో జిల్లా మొత్తానికి దక్కేవి 80 సీట్లు. ఎనభయ్యో స్థానంలో నిలిచిన విద్యార్థికి, ఎనభై ఒకటో స్థానంలో ఆగిపోయిన విద్యార్థికి మధ్య తేడా ఒక్క ప్రశ్న కావచ్చు. పరీక్ష రోజు వచ్చిన జ్వరం కావచ్చు. తొలిసారి వేరే ఊరి పరీక్ష కేంద్రానికి వెళ్లిన బెరుకు కావచ్చు. రెండు గంటల పరీక్ష ఆ రోజు ఆ బిడ్డ ఏం చేయగలిగాడో చెబుతుందే తప్ప, మున్ముందు ఏం కాగలడో చెప్పదు. పదేళ్ల వయసులో ‘నీకు రాలేదు’ అన్న మాట పిల్లల మనసులో నాటుకుపోతుందని పెద్దలు గుర్తెరగాలి.

ఎంపికైనవారు వెళ్లిపోయాక కూడా ఊరి బడిలో ప్రతిభ మిగిలే ఉంటుంది. ఆ మిగిలినవారికి గ్రంథాలయంలో పుస్తకం, ప్రయోగశాలలో పరికరం, అడిగిన ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే గురువు ఉంటే సొంత ఊరిలోనే రాణించగలరు. అంతకంటే ముందు జరగవలసిన పని ఒకటుంది. ఐదో తరగతి చదువుతున్న ప్రతి బిడ్డ ఇంటికీ, తమ బిడ్డకు ఇటువంటి అవకాశం ఒకటి ఉందన్న కబురు దరఖాస్తు గడువు ముగియకముందే చేరాలి. పరీక్షలో ఓడిన బిడ్డకు మరో దారి దొరుకుతుంది. పరీక్ష ఉందనే తెలియని బిడ్డకు తాను కోల్పోయిందేమిటో కూడా ఎన్నటికీ తెలియదు.